ఆఖరి వరుసలో లేచిన చెయ్యి

"మీ చెవులు ఎప్పుడైనా డాక్టరుకి చూపించుకున్నారా?"

అడిగింది లైబ్రరీ అమ్మాయి. ఈ ఒక్క ముక్క అడగడానికి వేదిక మీంచి దూకింది. మైదానమంతా దాటి, ఖాళీ కుర్చీల మధ్య నుంచి విసవిసా నడుచుకుంటూ ఆఖరి వరుస దాకా వచ్చింది. ఆయాసపడుతోంది. అయినా మాట పొల్లుపోలేదు.

ఆఖరి వరుస వెనక నిలబడ్డ వడ్రంగి, ఎత్తిన చెయ్యి ఇంకా దించలేదు.

"చూపించుకోలేదండీ."

"చూపించుకోండి. ఇప్పుడు నేనన్నది వినపడిందా?"

"వినపడింది."

"అంటే దగ్గరికొచ్చి తిడితే వినపడుతుంది. అక్కణ్ణుంచి చెప్తే వినపడదు."

"మధ్యలో గాలి ఉంది కదండీ."

"గాలి అందరికీ ఒకటే. మన బస్టాండు అనౌన్సరమ్మ మాట్లాడినప్పుడు మీ చెయ్యి లేవదేం?"

"ఆవిడ మాట్లాడితే గాలే పక్కకి తప్పుకుంటుందండీ."

లైబ్రరీ అమ్మాయికి నవ్వొచ్చింది. తిట్టడానికి వచ్చి నవ్వితే ఏం బాగుంటుందని పెదవులు బిగించింది. గిర్రున తిరిగి వెళ్లిపోయింది. సగం దూరం వెళ్లి, వెనక్కి తిరిగి ఒక చూపు చూసింది. ఇంకొకడైతే ఆ చూపుకి మాడిపోయేవాడు. వడ్రంగి మొహం వెలిగిపోయింది.

ఆ నాటక బృందం చిన్నది. ఒక వ్యాను, విప్పి బిగించుకునే వేదిక, పాత తెరలు, పగలంతా ఎవరి ఉద్యోగం వాళ్లు చేసుకుని సాయంత్రం వేషం కట్టే మనుషులు. పార్కులో ఆడతారు, బడి ఆవరణలో ఆడతారు, సంత ఎత్తేసిన చోట ఊడ్చుకుని ఆడతారు. పైకప్పు కింద ఆడరు. మైకు ముట్టుకోరు. దర్శకుడు డ్రిల్లు మాస్టారు. జీవితమంతా బడిపిల్లల్ని ఎండలో నిలబెట్టి, రిటైరయ్యాక పెద్దవాళ్ల మీద పడ్డాడు. "మైకు కావలసినవాడు వేలంపాటకి పోవాలి, నాటకానికి రాకూడదు" అంటాడు.

మైకు లేదు కాబట్టి ఆఖరి వరుస మనిషి అవసరమయ్యాడు. రిహార్సల్లో కుర్చీలన్నిటికీ వెనక ఒకడు నిలబడాలి. మాట వినపడకపోతే ఒక చెయ్యెత్తాలి. మరీ గబగబా చెప్తుంటే రెండు చేతులు. వాన వచ్చేలా ఉంటే నెత్తిన చెయ్యి. చెయ్యి లేచిందంటే వేదిక మీద రాజైనా సరే, ఆగి, ఆ మాట మళ్లీ చెప్పాలి. మాస్టారి ఈలకీ, ఆఖరి వరుస చెయ్యికీ ఎదురు లేదు.

ఆ పని వడ్రంగిది. వేదిక బిగించాక వాడికి వేరే పని ఉండదు, చెవులా పాము చెవులు. పక్కవీధిలో ఎవరి తలుపు బందు వదులైందో కిర్రుమన్న చప్పుడు విని చెప్పేవాడు. అలాంటివాడికి లైబ్రరీ అమ్మాయి మాట వినపడటం లేదట!

మొదటిసారి మాత్రం నిజంగానే వినపడలేదు.

నాటకం పడవ నడిపే అమ్మాయి కథ. అవతలి ఒడ్డు నుంచి పిలిచినవాళ్ల కోసం పడవ తీసుకువెళుతుంది. పిలవనివాడి కోసం కదలదు. ఒక రాజు ఒడ్డుకి వచ్చి నిలబడతాడు. నోరు తెరిచి పిలవడం తన పరువుకి తక్కువ అనుకుంటాడు. అదే తగువు, ఆట ముగిసేదాకా.

"అవతలి ఒడ్డున ఉన్నదెవరు? పిలిస్తే వస్తాను. పిలవకపోతే రాను."

మొదటి రిహార్సల్లో లైబ్రరీ అమ్మాయి ఈ మాట అన్నప్పుడు రోడ్డు మీద లారీ పోయింది. వడ్రంగి చెయ్యెత్తాడు. ఆ పిల్ల ఆగింది. ఎత్తిన చెయ్యి ఎవరిదా అని వెతికింది. అన్ని కుర్చీల మీదుగా వాడి మొహంలోకి సూటిగా చూసి, ఆ మాట మళ్లీ చెప్పింది. వాడొక్కడికే చెప్పింది.

ఈసారి మాట వినపడింది. మాటతో పాటు ఇంకేదో వచ్చి తగిలింది కూడా.

అప్పటి నుంచి ఆ చెయ్యి వాడి మాట వినడం మానేసింది. రోడ్డు మీద లారీ ఉండదు. గాలి ఉండదు. కాకి కూడా అరవదు. చెయ్యి మాత్రం లేచేది. ఆ పిల్ల ఆగేది, చూసేది, మళ్లీ చెప్పేది. ప్రేమలో పడ్డవాడికి తెలివి పోతుందంటారు. వీడి దగ్గర పోవడానికి పెద్దగా ఏమీ లేదు.

తిట్టి వెళ్లిన మర్నాడు మధ్యాహ్నం ఆమె వాడి కొట్టుకి వచ్చింది. వాడు నాటకం పడవకి చక్రాలు బిగిస్తున్నాడు. నోట్లో రెండు మేకులు.

"తిట్టడానికి రాలేదు, భయపడకండి. కూర్చోమనరా?"

వాడు చుట్టూ చూశాడు. ఉన్న స్టూలుకి మూడు కాళ్లే బిగించాడు. పడవ చూపించాడు. ఆమె పడవెక్కి కూర్చుంది.

"నాకు నిజం కావాలి. నా మాట ఎక్కడ తెగిపోతోంది? మొదట్లోనా, చివర్లోనా?"

వాడు మేకుల వంక వేలు చూపించాడు. నోట్లో మేకులుంటే మాట్లాడనక్కర్లేదు. అదొక సుఖం.

"సరే, మీరు వినండి చాలు. లైబ్రరీలో పొద్దస్తమానం గుసగుసలే. 'ష్' అనడమే నా ఉద్యోగం. అందుకే అక్కడే ప్రాక్టీసు మొదలెట్టాను. నిన్న ఒకాయన వచ్చి తోటపని పుస్తకం ఎక్కడమ్మా అన్నాడు. 'కిటికీ పక్క బీరువా!' అన్నాను, కడుపులోంచి. ఆయన కళ్లజోడు ఊడి కింద పడింది. మూల కునికిపాట్లు పడుతున్న పెద్దాయన, దిగాల్సిన స్టాపు వచ్చిందనుకుని సంచీ తీసుకుని వెళ్లిపోయాడు."

వాడు ఫక్కున నవ్వాడు. మేకులు రాలి పడ్డాయి.

"మీరు నవ్వుతున్నారు. మా ఆఫీసరు నవ్వలేదు." ఆమె పడవ అంచు మీద వేలితో గీతలు గీసింది. "మా ఇంట్లో నలుగురు అన్నయ్యలు. నలుగురూ ఒకేసారి మాట్లాడతారు. చిన్నప్పుడు భోజనాల దగ్గర నాకు కూర కావాలంటే చెయ్యెత్తేదాన్ని. అదీ ఎవరూ చూసేవాళ్లు కాదు. ఆదివారం ఆటకి నలుగురూ వస్తున్నారు. ముందు కూర్చోండ్రా అంటే, 'కాదు, ఆఖరి వరుసలోనే కూర్చుంటాం, అక్కడిదాకా నీ మాట వస్తే ఒప్పుకుంటాం' అన్నారు. రావాలి. ఒక్కసారైనా నేను మాట్లాడుతుంటే వాళ్లు నోరుమూసుకుని వినాలి."

"వస్తుందిలెండి," అన్నాడు వాడు, నేల చూస్తూ.

"ఊరడించకండి. అందరూ బాగుంది, బాగుంది అంటున్నారు. మీరొక్కరే మొహమాటం లేకుండా చెయ్యెత్తుతున్నారు. మీ చెయ్యి అబద్ధం చెప్పదు."

సుత్తి వేలి మీద పడింది.

"అమ్మా!"

"ఆఁ! అదీ గొంతంటే," అంది ఆమె మెచ్చుకోలుగా. "అలా రావాలి నాకు."

చెప్పేయవలసిన చోటు అదే. కొట్టులో ఇద్దరే ఉన్నారు. ఆ పిల్ల మనసు మెత్తగా ఉంది. వేలు కూడా వాచింది, జాలిపడి క్షమించేది. వాడు చెప్పలేదు. తేలు కుట్టిన దొంగలా వేలు నోట్లో పెట్టుకుని ఊరుకున్నాడు. అంతటితో ఆగినా బాగుండేది. ఆ సాయంత్రం రిహార్సల్లో చెయ్యి మళ్లీ లేచింది. మొదటి తప్పుకి వయసుని అనవచ్చు. దీనికి అనడానికేమీ లేదు.

ఆ సాయంత్రం వడ్రంగి బామ్మ మనవడికి ఫ్లాస్కులో టీ పట్టుకుని మైదానానికి వచ్చింది. ఆఖరి వరుసలో కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇంట్లో రెండుసార్లు అరిస్తేగాని ఏదీ చెవికెక్కని మనిషి. వేదిక వైపు చూస్తూ మధ్యమధ్య తల ఊపుతోంది.

మాస్టారు ఈల ఊదాడు. అందరూ ఆగారు.

"అమ్మాయ్, ఇవాళ కూడా నీ మాట ఆఖరి వరుసకి చేరలేదు. ఎల్లుండే ఆట. పడవ అమ్మాయి వేషం అనౌన్సరమ్మ వేస్తుంది. నువ్వు ఒడ్డున కుండ పట్టుకుని నిలబడు."

అనౌన్సరమ్మ బస్టాండులో బస్సులు పిలుస్తుంది. మంచి మనిషి. "నాకెందుకండీ? నేను పిలిస్తే పడవ రాదు, బస్సొస్తుంది," అంది.

"చెయ్యి లేచింది. ఇంక వాదన లేదు."

లైబ్రరీ అమ్మాయి తెడ్డు కింద పెట్టేసింది. ఆఖరి వరుస వైపు చూసింది. ఈసారి కోపంగా కాదు. మీ తప్పేముంది, ఉన్నమాట చెప్పారు అన్నట్టు చిన్నగా తల ఊపింది. ఇన్నాళ్లూ ఏ చూపు కోసం వాడు చెయ్యెత్తాడో ఆ చూపు వచ్చింది. వాడు తల దించుకున్నాడు.

"ఏమన్నాడ్రా ఆ ఈలాయన?" అంది బామ్మ.

"ఆ అమ్మాయి వేషం తీసేశాడు," వాడు చెవిలో అరిచాడు.

"ఎందుకూ?"

"మాట వినపడటం లేదని."

"ఎవరికి?"

వాడు ముందు కుర్చీకి అంటిన మట్టి గోకాడు.

"ఆయన మాట నాకు వినపడలేదు. నీ మాట ఎప్పుడూ సగమే వినపడుతుంది. ఆ పిల్ల మాట మాత్రం పొల్లుపోకుండా వచ్చింది. పిలిస్తే వస్తాను, పిలవకపోతే రాను అంది. అవునా?"

"అవును."

"మరి నువ్వు చెయ్యెందుకు ఎత్తావు?"

వాడి చెవులు ఎర్రబడ్డాయి. బామ్మ ఆ చెవులని చూసింది. వేదిక మీద కుండ అందుకుంటున్న పిల్లని చూసింది. చూపు తగ్గలేదు ఆవిడకి.

"ఓహో! చెయ్యెత్తితే ఇటు చూస్తుందా?"

"బామ్మా, మెల్లగా!"

"మెల్లగా అంటే ఎంతో నాకేం తెలుసురా." కాసేపు భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వు ఆగాక ఫ్లాస్కు మూతతో వాడి మోచేతి మీద టక్కున కొట్టింది. "మీ తాత కూడా నా వెంట తిరిగాడు. వెర్రి వేషాలు వేశాడు. నా నోటికాడి కూడు మాత్రం తీయలేదు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. లే. వెళ్లి చెప్పు."

"ఏమని?"

"చెయ్యి అబద్ధమని."

మాస్టారు తెరలు మడత పెట్టిస్తున్నాడు. వాడు వెళ్లి ఎదురుగా నిలబడ్డాడు.

"మాస్టారూ, ఆ అమ్మాయి మాట వినపడుతూనే ఉందండీ. మొదటిరోజు లారీ పోయినప్పుడు తప్ప, మిగతా అన్నిసార్లూ ఊరికే చెయ్యెత్తాను."

మాస్టారి నోట్లో ఈల ఉంది. ఆయన ఊపిరికి సన్నగా మోగింది.

"ఊరికే అంటే?"

"ఊరికేనండీ."

"ఇప్పుడు వినపడుతోందంటున్నావు. ఇది మాత్రం నిజమని ఏం నమ్మకం?"

"మా బామ్మకి కూడా వినపడిందండీ."

"మీ బామ్మకా? ఇందాక ఆవిడకి నమస్కారం పెడితే, 'టీ అయిపోయింది నాయనా' అంది!" మాస్టారు మడిచిన తెర చంకన పెట్టుకున్నాడు. "సరే. రేపు ఆఖరి వరుసలో ఆవిడే నిలబడుతుంది. ఆవిడకి వినపడితే ఊరందరికీ వినపడినట్టే. నువ్వు వేదిక కిందకి పో, పడవ తాడు లాగు. రెండు చేతులూ తాడు మీదే ఉండాలి. పైకి లేచాయంటే విరుస్తాను."

"అలాగేనండీ."

"ఆ అమ్మాయికి ఈ సంగతి నువ్వే చెప్పు. నేను చెప్పను, నాకు సిగ్గు."

ఆమె వ్యాను దగ్గర కుర్చీలు మడత పెడుతోంది. వాడు వెళ్లి ఇంకో కుర్చీ అందుకున్నాడు.

"ఒక మాట చెప్పాలి."

"ఏం పర్లేదండీ. వినపడకపోతే వినపడలేదనే కదా చెప్పాలి."

"వినపడింది."

"ఏంటి?"

"అన్నీ వినపడ్డాయి. ఇన్నాళ్లూ."

ఆమె చేతిలో కుర్చీ సగం మడతలో ఆగిపోయింది.

"నేను వేడినీళ్లు తాగి తాగి నాలుక కాల్చుకున్నాను. పార్కులో చెరువు దగ్గర నిలబడి బాతులకి నాటకమంతా చెప్పాను. అవి కూడా విన్నాయి."

"వింటాయండీ. బాగా చెప్తారు."

"నోరు ముయ్యండి. ఎందుకు చేశారిలా?"

ఇదిగో, ఇప్పుడు రావాలి మాట. అబద్ధానికి అంత చురుగ్గా లేచిన చెయ్యి జేబులోకి దూరింది. మేకులు కూడా లేవు నోట్లో.

"ఊరికే," అన్నాడు.

"ఊరికే ఎవరూ చెయ్యెత్తరు. నేను కూర కోసం ఎత్తేదాన్ని. మీరెందుకు ఎత్తారో చెప్పేదాకా నాతో మాట్లాడకండి."

కుర్చీ టప్పున మూసింది. గొంతు ఏమాత్రం పెంచలేదు. వ్యాను అవతల ఉన్న అనౌన్సరమ్మ మాత్రం, "నాకు వినపడిందమ్మోయ్!" అంది.

మర్నాడు బామ్మ గొడుగు చంకన పెట్టుకుని ఆఖరి వరుస వెనక నిలబడింది. లైబ్రరీ అమ్మాయి మొదలుపెట్టింది. ఒడ్డు మాట వచ్చింది. బామ్మ కదల్లేదు. రాజుతో తగువు వచ్చింది. కదల్లేదు. అందరూ ఊపిరి పీల్చుకుంటున్న సమయంలో బామ్మ రెండు చేతులూ ఒక్కసారి పైకి లేచాయి.

మాస్టారు ఈల ఊదాడు. "ఏంటమ్మా? గబగబా చెప్తోందా?"

ఆ ప్రశ్న అనౌన్సరమ్మ చేత అడిగిస్తేగాని బామ్మకి చేరలేదు.

"గబగబా ఏంటయ్యా! చప్పట్లు కొడదామని!"

వేషం తిరిగి వచ్చింది. కుండ వెళ్లి అనౌన్సరమ్మ చంక ఎక్కింది. వేదిక కింద చీకట్లో తాడు పట్టుకుని కూర్చున్న వడ్రంగికి నెత్తి మీద చెక్కలూ, చెక్కల మీద ఆమె అడుగులూ తప్ప ఏమీ కనపడవు. మాట మాత్రం ప్రతిదీ వినపడుతుంది. వాడికి తగిన చోటే.

ఆదివారం మైదానం నిండింది. ఆఖరి వరుసలో నలుగురు అన్నలు ఒకేసారి మాట్లాడుకుంటూ వచ్చి, ఒకేసారి మాట్లాడుకుంటూ కూర్చున్నారు. పక్క కుర్చీలో బామ్మ. ఆకాశంలో మబ్బు.

తెర లేచింది. పడవ అమ్మాయి ఒడ్డుకి వచ్చింది. అరవలేదు. కడుపులోంచి తెచ్చుకోలేదు. నదికి అవతల నిజంగా ఎవరో ఉన్నట్టు తల ఎత్తి చూసింది.

"అవతలి ఒడ్డున ఉన్నదెవరు? పిలిస్తే వస్తాను. పిలవకపోతే రాను."

పెద్దన్న మాట మధ్యలో ఆగాడు. రెండోవాడు ఆగాడు. మిగతా ఇద్దరూ ఆగారు. ఆ నలుగురి నోళ్లూ ఒకేసారి మూతపడటం ఆ ఇంటి చరిత్రలో అదే మొదటిసారి. ఆట అయ్యేదాకా మళ్లీ తెరుచుకోలేదు. చివరికి రాజు పరువు పక్కన పెట్టి, కిరీటం చంకలో పెట్టుకుని, "ఓ పడవా!" అని పిలిచినప్పుడు చిన్నన్న కళ్లు తుడుచుకుని, దుమ్ము పడిందన్నాడు. వడ్రంగి తాడు లాగాడు. పడవ కదిలింది. జనం లేచి చప్పట్లు కొట్టారు.

ఆ చప్పట్లకే కాచుకుని ఉన్నట్టు చినుకులు మొదలయ్యాయి.

కుర్చీలు మడిచేవాళ్లు మడుస్తున్నారు. వడ్రంగి నెత్తి నిండా రంపపు పొట్టుతో వేదిక కింద నుంచి పాక్కుంటూ బయటికి వచ్చాడు. పైన పడవలో ఆమె ఇంకా నిలబడే ఉంది.

"ఏమండీ తాడుగారూ."

వాడు తలెత్తాడు.

"ఆఖరి వరుసకి వెళ్లండి."

"ఇప్పుడా? వాన..."

"వెళ్లండి."

వెళ్లాడు. రోజూ నిలబడే చోటే నిలబడ్డాడు. అటు బామ్మ, ఇటు నలుగురు అన్నలు. అలవాటు కొద్దీ, వాన వస్తోందని నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. అందరూ తడుస్తూనే ఉన్నారు కాబట్టి ఆ కబురు ఎవరికీ అక్కరకి రాలేదు.

"ఎందుకెత్తారు చెయ్యి?" ఆమె మాట చినుకుల మధ్య నుంచి నడుచుకుంటూ వచ్చింది.

వాడు అన్నల వైపు చూశాడు. గొంతులోనే గొణిగాడు. "మీరు ఇటు చూస్తారని."

వేదిక మీద ఆమె ఒక చెయ్యెత్తింది.

వినపడలేదట.

"చెయ్యెత్తితే మీరు నా వైపు చూస్తారని!" కొంచెం గట్టిగా అన్నాడు.

కుర్చీల చప్పుడు ఆగింది. జనం వెనక్కి తిరిగారు. ఆమె చెయ్యి దిగలేదు.

"ఏమయ్యా," అన్నాడు పెద్దన్న, "మా చెల్లికి వినపడలేదట. సరిగ్గా చెప్పు."

"కడుపులోంచి రావాలి," అన్నాడు రెండోవాడు.

"గాలి ఉంది కదా మధ్యలో," అన్నాడు మూడోవాడు. ఆ సంగతి వాళ్లకి ఎవరు చెప్పారో అడగనక్కర్లేదు. ఆ ఇంట్లో ఆమె మాట అప్పటికే వినడం మొదలుపెట్టినట్టున్నారు.

వాన జోరందుకుంది. మాస్టారు గొడుగు కింద ఈల నోట్లో పెట్టుకుని చూస్తున్నాడు. వడ్రంగి రెండు చేతులూ నోటి చుట్టూ దొన్నెలా పెట్టుకున్నాడు.

"మీరంటే ఇష్టం! లారీ పోయినప్పటి నుంచీ ఇష్టం! ఇదిగో, పిలుస్తున్నాను! రండి!"

పక్కనున్న పార్కు చెరువులో బాతులు లేచాయి. మాస్టారి నోట్లోంచి ఈల జారి బురదలో పడింది.

ఆమె చెయ్యి మాత్రం అలాగే ఉంది.

బామ్మకి ఒళ్లు మండింది. కుర్చీ మీంచి లేచి గొడుగు ఊపింది. "ఏమే పిల్లా! నాకే వినపడిందే! నీకింకా వినపడలేదా?"

లైబ్రరీ అమ్మాయి పడవ దిగింది. వేదిక దిగింది. గొంతు పెంచలేదు. అయినా అంత వానలోనూ ప్రతి వరుసకీ, ఆఖరి వరుసలో బామ్మకి కూడా చేరింది ఆ మాట.

"నాకు మొదటిసారే వినపడింది బామ్మగారూ."

ఎత్తిన చెయ్యి దించకుండానే, తడిసిన కుర్చీల మధ్య నుంచి ఆఖరి వరుస వైపు నడిచి వచ్చింది. ఈసారి విసవిసా కాదు.